పచ్చ దారం కట్టిన కేబుల్

ఆశ్లేష కార్తె, మూడో రోజు (ఎర్ర సిరా)

లైను పుస్తకంలో పేజీ చింపకూడదు. తప్పు రాస్తే కొట్టేసి పక్కన రాయాలి. ఈ నియమం పెట్టినదాన్ని నేనే. అందుకని ఈ వేసవి నుంచి నల్ల సిరాతో రాసిన పేజీల్ని ఉన్నవి ఉన్నట్టుగా వదిలేసి, మళ్ళీ చదువుతూ, చెప్పుకోవలసిన చోట ఎర్ర సిరాతో రాస్తున్నాను. నల్ల సిరా మంగతాయారుకి అన్నీ తెలుసు. గట్టులంక మొత్తానికి లైను మనిషి తనొక్కతే అన్న మిడిసిపాటు ఆవిడది. చదువుతుంటే లాగి ఒక్కటివ్వాలనిపిస్తోంది, కానీ చెంప నాదే.

నాలుగు రోజుల కిందట సంఘం వాళ్ళు నాకు శాలువా కప్పారు. నీటి గుడిసె కాపలాదారు బాపిరెడ్డి బతికుంటే ఆ శాలువా నాకు తగినదే. అతను పోయాడు. నా వల్ల పోయాడు. ఆ సంగతి ఇప్పటికి నాకొక్కదానికే తెలుసు.

కృత్తిక కార్తె, ఆరో రోజు

స్విచ్చి గదిలో మళ్ళీ బల్లి. తరిమితే కేబుళ్ళ గుత్తిలో దూరింది. చెయ్యి పెట్టి కదిపానో లేదో స్విచ్చి మీద మూడిళ్ళ దీపాలు ఆరిపోయాయి, ఆ ఇళ్ళకి మాట తెగిపోయింది. గాలి మీద మాట పోయి ముప్పయ్యొక్క ఏళ్ళయింది. ఆకాశమంతా ఒకటే గరగర, ఏ రేడియో పెట్టినా అదే వినిపిస్తుంది. ఇంటికి తీగ తప్ప వేరే నోరు లేని రోజులివి. నా చిన్నప్పుడు చేతిలో ఫోను పట్టుకుని వీధిలో నడుస్తూ మాట్లాడేవాళ్ళమని చెబితే ఇప్పటి పిల్లలు నన్ను కోతలరాయుళ్ళ జాబితాలో వేస్తున్నారు.

మా ఊళ్ళో ఉన్నవి నలభై ఒక్క కేబుళ్ళు. నలభై ఇళ్ళవి, ఇంటి మాటని ఇంటికి కలిపే స్విచ్చిలోకి నేరుగా దిగుతాయి. ఒకటి కొండమీది నీటి గుడిసెది, అది గంట పెట్టెలోకి వెళ్తుంది. కదిపినప్పుడల్లా ఏదో ఒక కొస విరుగుతుంది. విరిగింది కోసి కొత్త కొస వేస్తే తీగ బెత్తెడు తరుగుతుంది. పన్నెండేళ్ళుగా బెత్తెడు బెత్తెడు తరిగి ఇప్పుడు సగం తీగలు బట్టలారేసే తాడులా బిగిసి ఉన్నాయి. దీనికి మందు ప్యాచ్ ప్యానెల్ ఒక్కటే. కేబుళ్ళన్నీ దాని వెనక ఒక్కసారి నొక్కి కదలకుండా కట్టేస్తే, ముందున్న పోర్టుల నుంచి స్విచ్చికి జానెడు తీగలు వేసుకోవచ్చు. పోతే జానెడు తీగ పోతుంది, ఇంటి తీగ పోదు. పదేళ్ళుగా చెబుతున్నా చెవిటివాడి ముందు శంఖమే. ఇవాళ ఆరిపోయిన మూడిళ్ళలో ఒకటి సంఘం పెద్ద భద్రంగారిది కావడంతో పని జరిగింది. వెళ్ళి తెచ్చుకోమన్నారు.

కృత్తిక కార్తె, పదో రోజు

రేవుగడ్డలో మునక సంతకి వెళ్ళొచ్చాను. సముద్రం మింగిన పట్నంలో ఈతగాళ్ళు దిగి, ఆఫీసు మేడల్లోంచి పైకి తెచ్చిన సామానంతా అక్కడే అమ్ముతారు. ప్యానెళ్ళు రెండు రకాలే దొరికాయి. ఒకటి నలభై ఎనిమిది పోర్టులది. మూల సొట్ట, వెనకంతా నత్తగుల్లలు అతుక్కుని ఉన్నాయి. ముందు పోర్టుల మీద ఎవరో రాసిన చీటీలు ఇంకా చెదరలేదు. 'మూడో అంతస్తు కిటికీ పక్క బల్ల' అని ఒక దాని మీద ఉంది. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఎవరో, ఏమయ్యాడో.

రెండో రకం ఇరవై నాలుగు పోర్టులవి, రెండు. అట్టపెట్టెలో, ప్లాస్టిక్ తొడుగు కూడా విప్పనివి. ఏ గిడ్డంగి పైఅరల్లోనో ఉండిపోయి ఉప్పునీళ్ళు తగల్లేదట. నల్లగా నిగనిగలాడుతున్నాయి.

కొట్టువాడు సొట్టదాన్నే తీసుకోమన్నాడు. కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి, వాటిని ఏ రంగు తరవాత ఏ రంగు నొక్కాలో ప్యానెల్ వెనక పట్టీ మీద రంగులు వేసి ఉంటాయి. సొట్టదాని మీద రెండు వరసలూ ఉన్నాయి, కాషాయం ముందు వరస, పచ్చ ముందు వరస. కొత్తవాటి మీద కాషాయం ముందు వరస ఒక్కటే. మా లంకవాళ్ళం పట్నం ఆఫీసుల్లో పని నేర్చినవాళ్ళం, మాది కాషాయం ముందు. కొండవాళ్ళు ఏదో సర్వే కంపెనీ దగ్గర నేర్చారు, వాళ్ళది పచ్చ ముందు. రెండు కొసల్లోనూ ఒకటే వరసైతే ఏదైనా ఒకటే. అయినా ఈ విషయం మీద బాపిరెడ్డికీ నాకూ పన్నెండేళ్ళుగా వాదమే.

గట్టు మీద రెండు రకాలవాళ్ళూ ఉంటారు కదండీ, రెండు వరసలున్నది పట్టుకెళ్ళండి అన్నాడు కొట్టువాడు.

"గట్టు మీద లైను మనిషి ఒక్కతే నాయనా," అని కొత్తవి రెండూ సంచిలో వేయించుకున్నాను.

(ఎర్ర సిరా) ఆ మాట అన్నప్పుడు చుట్టూ నలుగురు నవ్వారు. నాకెంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది. నత్తగుల్లలు గీరుకోవడం ఒక పూట పని. దానికి బద్ధకించాను. కొత్త సామాను మెరుపు చూసి మురిశాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకాన్ని, నా వరస ఒక్కటే ఉన్న సామాను దొరికితే ఇంకేం కావాలి నాకు?

రోహిణి కార్తె, రెండో రోజు

రోళ్ళు పగిలే ఎండ. స్విచ్చి గదిలో ర్యాక్ బిగించడానికి బాపిరెడ్డి దిగి వచ్చాడు. అరవై దాటినవాడు, ఆరు కిలోమీటర్లు ఆ కొండ దిగి వచ్చి గుక్కెడు మంచినీళ్ళు తాగి పనిలోకి దిగాడు. నీటి గుడిసె కేబుల్ లాగింది అతనే. కొండవీధి ఇళ్ళలో సగం కేబుళ్ళు కూడా అతని చేతివే. మద్దివాగుకి నీళ్ళు పెరిగితే అతను గుడిసెలో మీట నొక్కాలి, ఇక్కడ స్విచ్చి గదిలో గంట మోగుతుంది. నేను తిరుగు మీట నొక్కాలి, అక్కడ అతని గుడిసెలో తిరుగు గంట మోగుతుంది. అది వినేదాకా కాపలాదారు గుడిసె వదలకూడదు. ఊరు కట్టిన రెండో ఏడు, అప్పటి కాపలాదారు మీట నొక్కి పరిగెత్తాడు. ఎక్కడో తీగ తెగి ఉంది, కింద గంట మోగలేదు, పదకొండు మంది పోయారు. అప్పటినుంచి ఈ కట్టుబాటు. కాపలా తీసుకునేవాడు మీట మీద చెయ్యేసి ప్రమాణం చేస్తాడు.

పని మొదలుపెట్టే ముందు బాపిరెడ్డి మొలలోంచి పచ్చ దారం తీసి ర్యాక్ కాలికి కట్టాడు. కొత్త పని దేనికైనా కొండవాళ్ళు దారం కడతారు. కట్టి, ఇంకో ముక్క గుడిసె కేబుల్‌కి కూడా కట్టాడు. "చెల్లెమ్మా, ఇది మట్టుకు..." అని ఏదో మొదలుపెట్టాడు. అప్పుడే భద్రంగారు నలుగుర్ని వెంటపెట్టుకుని ప్యానెల్ చూడ్డానికి వచ్చారు. వాళ్ళకి నేను చూపిస్తుంటే మధ్యలో ఇతని పచ్చ ముందు పురాణం ఏమిటని, తరవాత చెబుదువుగానిలే అన్నాను.

అతను నవ్వి, "పరీచ్చకి నువ్వు పైకొత్తావుగా, అప్పుడు సెప్తాలే," అన్నాడు.

(ఎర్ర సిరా) పది మాటలు. పది మాటలు వినడానికి నాకు తీరిక లేకపోయింది. నా పెట్టె పాతది, దానికి సర్దుకోవడం తెలీదు, ఈ కేబుల్‌కి పచ్చ ముందే ఉంచు. ఇంతే కదా అతను చెప్పబోయింది? నలుగురిలో నాకు పాఠం చెప్పినట్టుంటుందని అతనూ ఆగిపోయాడు. మంచివాడు. ఆ మంచితనమే అతని కొంప ముంచింది.

రోహిణి కార్తె, తొమ్మిదో రోజు

వారం రోజులు పట్టింది. పై తొడుగు ఒలవడం, నాలుగు జంటల్ని విడదీయడం, పట్టీ మీది రంగు చూసి గాడిలో పెట్టడం, పనిముట్టుతో టక్కున నొక్కడం. నలభై ఒక్క కేబుళ్ళు, కేబుల్‌కి ఎనిమిది టక్కులు. ఒక్క టక్కూ వృథా పోలేదు. చేతిరాత బాగుంటుందని చీటీలు కూడా నేనే రాశాను, గుడిసెది పదిహేడో పోర్టు. దాని కేబుల్ కంతలోంచి దూరుస్తుంటే బాపిరెడ్డి కట్టిన దారం అడ్డం పడింది. కత్తిరించి పడేశాను. దారం ర్యాక్ కాలికి ఎలాగూ ఒకటుంది కదా, శుభానికి అదొక్కటి చాలు.

సాయంత్రం స్విచ్చి వెలిగిస్తే నలభై దీపాలూ ఒకేసారి వచ్చాయి. కొండవీధి ఇళ్ళకి అటు కొస పచ్చ ముందు, ఇటు నేను నొక్కింది కాషాయం ముందు. అయినా వెలిగాయి. ఇళ్ళలో ఉన్నవి ఈ కాలపు పెట్టెలు, తీగలు అటూ ఇటూ అయినా వాటంతట అవే సర్దుకుంటాయి. వరసలో ఏముంది, పచ్చ ముందు అని పన్నెండేళ్ళు నన్ను వేపుకు తిన్నాడని నవ్వుకున్నాను.

పదిహేడోదానికి దీపం ఉండదు. అది స్విచ్చిలోకి కాక గంట పెట్టెలోకి వెళ్తుంది. మీట నొక్కేదాకా ఆ పెట్టె నిద్రలోనే ఉంటుంది.

(ఎర్ర సిరా) గంట పెట్టె, గుడిసె పెట్టె ఒక జత, ఒకదానికి నోరున్న చోట రెండోదానికి చెవి ఉంటుంది. రెండూ పాతవి, సర్దుకోవడం రెండింటికీ తెలీదు. ఇన్నాళ్ళూ రెండు కొసలూ బాపిరెడ్డే వేశాడు కనక రెండూ పచ్చ ముందే, మాట అటూ ఇటూ సాఫీగా నడిచింది. నేను ఒక కొస మార్చేసరికి చెప్పే నోటికి చెప్పే నోరు ఎదురైంది, వినే చెవికి వినే చెవి ఎదురైంది. ఇదంతా నాకు తెలియని విద్య కాదు. ఎవరైనా అడిగి ఉంటే గడగడా చెప్పేదాన్ని. అడిగేవాళ్ళని ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు, అంతే.

మృగశిర కార్తె, మొదటి రోజు

చినుకు పడింది. ముంగిలి చల్లబడింది గానీ నా మోకాళ్ళు ఊరుకోవడం లేదు. నలభై ఇళ్ళకీ దీపాల పెట్టెతో తీగ తీగా పరీక్ష అయింది. ఒక ముక్క ఇంట్లో పెట్టి, రెండోది ఇక్కడ ప్యానెల్‌కి పెడితే ఏ తీగ ఎక్కడికి చేరిందో తెలుస్తుంది. కొండవీధి ఇళ్ళకి తీగలు అడ్డంగా చూపించింది, సర్దుకుంటున్నాయి కదా అని సరే అనుకున్నాను. గుడిసెది మిగిలింది. గంట మోగించి చూడ్డానికి లేదు. ఉత్తుత్తి గంట మోగిస్తే వాగు వింటుంది, నిజంగానే వస్తుంది అని మా ఊరి నమ్మకం. ఎవరైనా దీపాల పెట్టె పట్టుకుని పైకెక్కాల్సిందే.

బాపిరెడ్డి కూతురు సోమాలు కొండవీధి ఇంట్లోంచి మాట్లాడింది. అయ్య కబురంపాడట. ఎల్లుండి వస్తే వెదురు కొమ్ముల కూర వండిస్తానని, పెట్టె సంగతి ఒకటి చెప్పాల్సి ఉందని. వచ్చే వారం చూద్దాంలే అన్నాను.

మృగశిర కార్తె, ఆరో రోజు

సోమాలు మళ్ళీ మాట్లాడింది. కూర కొమ్ములు ముదిరిపోతున్నాయట. మోకాలికి నూనె రాసుకుంటున్నానని చెప్పాను. బాపిరెడ్డినే దిగి రమ్మను అనబోయి ఆగాను. వానలు మొదలయ్యాక కాపలాదారు గుడిసె వదలకూడదు.

మృగశిర కార్తె, పదో రోజు

రేపు ప్యానెల్ ప్రారంభం. భద్రంగారు పుస్తకం తెమ్మన్నారు. పరీక్ష పేజీలో నలభై టిక్కులున్నాయి, పదిహేడు ఎదురుగా ఖాళీ ఉంది. అదేంటండీ పన్ను ఊడినట్టు అన్నారు. గుడిసె వైపు కొసలో మార్పేమీ లేదు, ఇటు కొస తెచ్చి ప్యానెల్ వెనక నొక్కానంతే. నా చేతి పని నాకు తెలీదా?

టిక్కు పెట్టాను.

(ఎర్ర సిరా) ఇదిగో ఈ టిక్కు. దీన్ని నాలుగు రోజులుగా చూస్తున్నాను. మిగతా నలభై టిక్కుల కంటే ఇది కాస్త పెద్దగా, తోక సాగదీసి పెట్టాను. అబద్ధం ఎప్పుడూ అంతే కాబోలు, కొంచెం అందంగా రాస్తాం. ఎక్కి ఉంటే ఏమయ్యేది? మధ్యాహ్నానికి చేరేదాన్ని. అతను చెప్పేవాడు, నేను రెండు మాటలు దెప్పి, కూర తిని దిగేదాన్ని. వచ్చి పదిహేడో పోర్టు ముందు జానెడు మార్పు తీగ, ఒక కొస పచ్చ ముందు, ఇంకో కొస కాషాయం ముందు, వేసి ఉంటే సరిపోయేది. ప్యానెల్ విప్పక్కర్లేదు, నా వరస వదులుకోనక్కర్లేదు. గోటితో పోయేది.

పునర్వసు కార్తె, ఎనిమిదో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మూడు రోజులుగా కొండ మీద ముసురు. మధ్యాహ్నం మూడింటికి నేను స్విచ్చి గదిలోనే కూర్చుని జానెడు తీగలు కడుతున్నాను. గంట నా నెత్తి మీదే ఉంది, మోగలేదు. మూడూ పదికి పల్లంవీధి చివరింటి నుంచి మాట వచ్చింది, వాకిట్లో మోకాలి లోతు నీళ్ళున్నాయని. ఆ ఇంటామె ఏడుస్తోంది. నేను ఏడవలేదు. ప్యానెల్ ముందు నిలబడి పల్లంవీధి పోర్టులన్నీ ఒక్క తాటి మీదికి తెచ్చి ఒకేసారి అరిచాను, తరవాత మిగతా వీధులు. పాత గుత్తి అయితే ఈ పని గంట పట్టేది. పావుగంటలో పల్లంవీధి మొత్తం కొండవీధికి ఎక్కేసింది. ఇళ్ళు ఇరవై రెండు పోయాయి. మనిషి పోలేదు. మేకలు, సామాన్లు, ఒక ముసలాయన కళ్ళద్దాలు, ఇంతే.

నా బాధల్లా బాపిరెడ్డి మీద. ఏం చేస్తున్నాడు అక్కడ? నిద్రపోయాడా? ఇంత నీళ్ళు వస్తుంటే ఒక్కసారి మీట నొక్కడానికి చెయ్యి రాలేదా? రేపు పైకి మనుషులు వెళ్తున్నారు, అతను దిగి వస్తే కాపలా మార్చమని సంఘంలో నేనే అడుగుతాను.

(ఎర్ర సిరా) కొట్టెయ్యను. ఇది కూడా ఉండాలి. అతను నొక్కుతున్నప్పుడు నేను అతన్ని తిడుతూ రాసిన మాటలు ఇవి. కాదు, అప్పటికి నొక్కడం కూడా అయిపోయింది.

పునర్వసు కార్తె, పదకొండో రోజు

బాపిరెడ్డి దొరికాడు. వాగు మలుపులో, వెదురు పొదల కింద. గుడిసె ఆనవాలు లేదు, నాలుగు గుంజల్లో ఒకటి మిగిలిందట. వెళ్ళినవాళ్ళు గుడిసె పెట్టెని కూడా తెచ్చారు, దాన్ని మోసే పట్టీ అతని మోచేతికి చుట్టుకుని ఉందట.

పెట్టె పక్కన ఎన్నిసార్లు మీట నొక్కారో చూపించే అంకెల చక్రాలుంటాయి. పన్నెండేళ్ళలో వాగు తొమ్మిదిసార్లు వచ్చింది, తొమ్మిదిసార్లూ అతను ఒక్క నొక్కుతో ఊరిని లేపాడు, తొమ్మిదిసార్లూ నేను తిరుగు మీట నొక్కాను. చక్రాల మీద తొమ్మిది ఉండాలి, లేదా పది.

నూట నలభై ఏడు ఉంది.

ఆ అంకె చూసి నేను ప్యానెల్ వెనక్కి వెళ్ళాను. పదిహేడో గాడిలో నా చేత్తో నొక్కిన తీగలు చూశాను. కాషాయం ముందు, పచ్చ తరవాత. అక్కడే నేల మీద కూలబడిపోయాను. ఎవరో నన్ను లేపి మజ్జిగ ఇచ్చారు. బాపిరెడ్డి పోయినందుకు అనుకున్నారు పాపం.

(ఎర్ర సిరా) నీళ్ళు గుడిసెకి రాకముందే అతను మొదటి నొక్కు నొక్కి ఉంటాడు. అంత జాగ్రత్త మనిషి. అప్పుడే లేచి వెనక గుట్ట ఎక్కితే ప్రాణం దక్కేది, పది అడుగులు కూడా లేదు గుట్ట. తిరుగు గంట రాలేదు కనక కదల్లేదు. కింద ఎవరికీ వినపడలేదేమో, పదకొండు మంది మళ్ళీ పోతారేమో అనుకుని నొక్కుతూనే ఉన్నాడు. నేను టిక్కు పెట్టిన తీగ మీద నూట ముప్పై ఎనిమిదిసార్లు నొక్కాడు.

పుష్యమి కార్తె, పదమూడో రోజు

శాలువా కప్పారు. ప్యానెల్ వల్లే పల్లంవీధి బతికిందని భద్రంగారు చెప్పారు. అది నిజమే, అందుకే కప్పించుకున్నాను. బాపిరెడ్డి గంట ఎందుకు మోగలేదన్నది కూడా ఆయనే తేల్చేశారు, కేబుల్ వరదకి తెగి ఉంటుందండీ అన్నారు. అందరూ తలలూపారు. వెనక వరసలో సోమాలు నిలబడి ఉంది. ఆ పిల్ల తల ఊపలేదు. అయ్య పెట్టె సంగతి చెప్పాలని రెండుసార్లు నాకు కబురు మోసింది తనే కదా.

శాలువా మడిచి ర్యాక్ మీద పెట్టాను. ఇంటికి పట్టుకెళ్ళలేదు.

ఆశ్లేష కార్తె, ఐదో రోజు

ఇకనుంచి సిరాలన్నీ ఒకటే.

కొత్త గుడిసె గుట్ట మీద కట్టారు, ఈసారి పైన. కాపలా సోమాలు తీసుకుంది. వద్దని సంఘం అన్నా వినలేదు. కొత్త కేబుల్ లాగాం. అదే పాత పెట్టె, ఆరబెట్టి తుడిచాను, పనిచేస్తోంది. అటు కొస ఇక్కడే పచ్చ ముందు వేసి పైకి పంపాను. ఇటు పదిహేడో గాడిలో కాషాయం పీకేసి, పట్టీ మీది రంగులు చూడకుండా, బాపిరెడ్డి వరసలో నొక్కాను. పన్నెండేళ్ళు వెక్కిరించిన వరస. చెయ్యి తడబడలేదు, తడబడాల్సింది.

నిన్న భద్రంగారి దగ్గరికి వెళ్ళి ఈ పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టాను. ఎర్ర సిరా అంతా చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇది నాకెందుకు చూపించారండీ తాయారమ్మగారూ," అన్నారు. ఊరి ముందు చదవమన్నాను. ముందు సోమాలుకి చెప్పండి, తరవాత నేను చదువుతానన్నారు. ఇంకొకటి కూడా అడిగాను. కార్తె మారిన ప్రతిసారీ గంట ఉత్తగానే మోగించి చూడాలని. వాగు వింటుందండీ అని గొణిగారు. విననివ్వండి అన్నాను. ఇవాళ స్విచ్చి గదిలో తిరుగు మీట దగ్గర కూర్చోవడానికి ఆయనే ఒప్పుకున్నారు.

పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టాను. అన్ని వారాలు వంకపెట్టిన మోకాళ్ళు నొప్పి పెట్టాయి, అయినా ఎక్కాయి. అదే నాకు ఇంకా సిగ్గనిపించింది. మధ్యాహ్నానికి గుట్ట చేరాను. నేను లెక్క వేసింది సరిగ్గా అంతే.

సోమాలు గంజి ఇచ్చింది. తాగకుండానే చెప్పేశాను. దారం కత్తిరించడం, కబురు తోసెయ్యడం, టిక్కు, నూట నలభై ఏడు. చెబుతూ మొహం చూడలేకపోయాను, పెట్టె వంకే చూస్తూ చెప్పాను. వాగు చప్పుడే వినిపిస్తోంది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో, దిగిపొమ్మంటుందేమో అని కూర్చున్నాను. ఏదైనా ఒకటి అంటే బాగుండుననిపించింది.

గంజి గిన్నె నా వైపు జరిపి, "నీకు సెప్పాలని అన్ని రోజులూ అనుకుంటానే ఉన్నాడత్తా," అంది. "నువ్వు ఇంటావని నమ్మకం ఆడికి."

సోమాలు లేచి పెట్టె ముందు కూర్చుని మీట మీద చెయ్యేసింది. ప్రమాణం కాపలా తీసుకున్ననాడే చేసేసింది, అయినా మళ్ళీ ఏదో గొణుక్కుంది, నాకు వినపడలేదు. నొక్కింది.

ఏమీ లేదు. కింద గంట మోగి, భద్రంగారు ఉలిక్కిపడి, కళ్ళజోడు సవరించుకుని, మీట వెతుక్కుని నొక్కాలి. అంతా కలిపి నాలుగైదు ఊపిరులు. ఆ నాలుగైదు ఊపిరుల్లో నాకు వాగు పెరుగుతున్నట్టే అనిపించింది.

అప్పుడు పెట్టెలోంచి టింగుమంది.

సైకిల్ బెల్లంత కూడా లేదు. పన్నెండేళ్ళలో తొమ్మిదిసార్లు ఆ తిరుగు మీట నేనే నొక్కాను, ఇక్కడ అది ఎలా వినిపిస్తుందో ఎన్నడూ వినలేదు. పెద్దగా ఉంటుందనుకున్నాను. ఊరు ఊరంతా లేచిందని చెప్పే గంట కదా, గట్టిగానే మోగుతుందనుకున్నాను. ఇంత చిన్న చప్పుడు. వాన హోరులో, నీళ్ళ హోరులో, మోగినా వినపడదేమోనని అతను పెట్టెకి చెవి ఆనించి కూర్చుని ఉంటాడు. అందుకే పట్టీ మోచేతికి చుట్టుకుంది.

సోమాలు నా వైపు తిరిగింది.

"మోగిందిగా అత్తా. ఇంక లెగొచ్చు."

చీకటి పడకుండా దిగమని ఆ పిల్లే చెయ్యి పట్టుకుని లేపింది. గుట్ట దిగేటప్పుడు పచ్చ దారం ముక్క అడిగి తెచ్చుకుని, వచ్చాక పదిహేడో కేబుల్‌కి కట్టాను. పరీక్ష పేజీలో పాత టిక్కు కొట్టేసి పక్కన రాశాను.

పదిహేడు. నీటి గుడిసె. పచ్చ ముందు. పైకి వెళ్ళి చూశాను.